పుండికూర మడి

అలవాటు కొద్దీ తొట్టిలో వేలు ముంచి, నాలుక దాకా తెచ్చి, చప్పున ఆగిపోయాడు మారెప్ప. ఆ వేలిని పంచెకు గట్టిగా తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ల అలవాటు పది రోజుల్లో పోతుందా మరి!

సీసపు ఉప్పు కలిపిన నీళ్లు తియ్యగా ఉంటాయి. ఆ తీపిని బట్టే ఉప్పు చాలిందో లేదో చెప్పేవాడు. తూకమూ కొలతా ఆయనకు నాలుకే. ఆ నీళ్లలో నానిన తెల్ల నూలును పిండి, పక్క తొట్టిలోని ఎర్ర ఉప్పు నీళ్లలో ముంచితే చాలు, కళ్లెదుటే పసుప్పచ్చగా విచ్చుకుంటుంది. కొన్ని వేలసార్లు చూసినా ఆయనకది ముచ్చటే. ఎమ్మిగనూరు చీర కొన్నవాళ్లు నేసినవాడి పేరు అడుగుతారు, అమ్మినవాడి పేరు అడుగుతారు. అంచుకు పసుపు వేసినవాడు ఎవడికి కావాలి? నిజం చెప్పాలంటే మారెప్పకూ ఆ దిగులు లేదు. పెళ్లిలో ఎవరైనా పసుపంచు చీర కట్టుకుని ఎదురుపడితే, ఇది మనదే అని లోపల్లోపల నవ్వుకుని పోయే మనిషి.

యాభై దాటాయి. పొట్టి మనిషి. మొహం కొన్నేళ్లుగా బూడిద రంగుకు తిరిగింది. గోళ్లు, అరచేతుల గీతలు పసుపుపచ్చన. నవ్వితే చిగుళ్ల అంచున సన్నటి నీలపు గీత కనిపిస్తుంది. రెండు చేతులూ మణికట్ల దగ్గర వాలిపోయాయి. వేళ్లు ముడుస్తాడు గాని, చేతిని పైకి ఎత్తమంటే అది లేవదు. నూలు పిండాలంటే చిలప చుట్టలో కర్ర దూర్చి, ఆ కర్రను మోచేతి మడతలో ఇరికించుకుని మెలితిప్పుతాడు.

ఈ ఎనిమిది చిలపలే ఆఖరు పసుపు. ఇక తన వల్ల కాదని సావుకారుకు చెప్పేశాడు.

"చెట్లకు నీళ్లు పెట్టల్యా?" కొంగు నడుముకు దోపుకుంటూ అడిగింది భార్య ఈరమ్మ. నాలుగిళ్ల అవతల ఉన్న దేవక్క మగ్గానికి కండెలు చుట్టడానికి రోజూ పొద్దున్నే పోతుంది.

"పెడతాలే. నువ్వు పో."

"పార్వతి బస్సు సాయంత్రం వస్తాది. మర్సిపోవాకు."

"మర్సిపోతానా!"

ఆమె పోయిందాకా కదలకుండా కూర్చున్నాడు. నూలు జాడించిన నీళ్లు తొట్టిలో నిండుగా ఉన్నాయి. వాటిని ఇక పెరట్లో పొయ్యడు. ఎండే తాగెయ్యనీ.

స్నానం చేసిన నీళ్లనైనా పారబోసే ఊరు కాదది. తుంగభద్ర కాలువ ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని చెప్పుకుంటున్న రోజులు. తాగే బిందె కోసం ఆడవాళ్లు అర మైలు నడవాలి. అలాంటి చోట, రోజుకు పది కడవల జాడింపు నీళ్లు చేతిలో ఉన్నవాడు ఏం చేస్తాడు? కూరచెట్లకు పోస్తాడు. మారెప్ప కూడా అదే చేశాడు. ఇరవై నాలుగేళ్లు ఆ నీళ్లతోనే ఈరమ్మ పెరట్లో పుండికూర, అదే గోంగూర, పెంచింది. ఊళ్లో ఎవరి పెరడూ పచ్చగా లేని కాలంలో తమ పెరడు పచ్చగా ఉందని ఇద్దరూ ఎంత మురిసిపోయారో!

నాలుగైదేళ్లుగా ఆ పచ్చదనం పోయింది. ఆకులో ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, నడుమంతా పాలిపోయేది. నడుము ఎత్తు పెరగాల్సిన మొక్క మోకాలి దగ్గర ఆగిపోయేది. పీకి చూస్తే వేళ్లు పొట్టిగా, నల్లగా, కొసలు మొద్దుబారి ఉండేవి. ఈరమ్మ పేడ వేసింది, బూడిద చల్లింది, మట్టి తిరగేసింది. ఏం చేసినా అంతే.

పది రోజుల కింద కడుపునొప్పి తాళలేక మారెప్ప ఆదోని ఆసుపత్రికి పోయాడు. డాక్టరు ఆయన పెదవి కిందికి లాగి చిగుళ్లు చూసి, ఏం పని చేస్తావన్నాడు. నాలుకతో రుచి చూసే సంగతి విని తల పట్టుకున్నాడు. ఆ నీళ్లు ఎక్కడ పోస్తావని అడిగాడు.

"కూరచెట్లకు సామీ."

డాక్టరు రాస్తున్న కలం కింద పెట్టేశాడు. సీసం మట్టిలోకి దిగితే ఇక పోదన్నాడు. వేళ్లను కాల్చేస్తుంది, ఆకుకు పాకుతుంది, ఆ దుమ్ము ఆకుల మీద పడుతుంది, ఆ ఆకు ఎవరూ తినకూడదు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు అసలే తినకూడదు అన్నాడు. "కడుపు నిలవదయ్యా" అన్నాడు.

మారెప్పకు ఒక్కగానొక్క కూతురు పార్వతి. ఆదోనిలో పత్తి మిల్లు పనివాడి భార్య. రెండుసార్లు పురిటికని పుట్టింటికి వచ్చింది. పులుపు తినాలనుందంటే ఈరమ్మ పూటపూటా పుండికూర వండి, జొన్నరొట్టెలో పెట్టి తినిపించింది. రెండుసార్లూ ఎనిమిదో నెల దాటలేదు. ఇప్పుడు మళ్లీ ఏడో నెల. సాయంత్రం బస్సుకు వస్తుంది. దిగీ దిగగానే అమ్మా, పుండికూర అంటుంది. ఆ మట్టిలో మొలిచిన ఆకు బిడ్డ నోట్లోకి పోకూడదు. ఈ సంగతి ఈరమ్మకు తెలియనూ కూడదు. తన చేత్తో కలిపి పెట్టిన ముద్దే అట్లా చేసిందని తెలిస్తే ఆ తల్లి బతుకుతుందా?

"మారెప్పన్నా, పోయిందా మా వదిన?" గోడ పైనుంచి తల ఎత్తాడు యేసేపు. వాగు అవతల రైతు చేనులో జీతగాడు. చిన్ననాటి నేస్తం. ఈ సంగతి తెలిసిన మనిషి ఆయనొక్కడే.

"పోయింది. రా."

ఇద్దరూ కలిసి పుండికూర మొక్కలన్నీ పీకి ఒక మూల కుప్ప వేశారు. గోడకు ఆనించి ఉన్న నాపరాళ్లను పాత మట్టి మీద సందు లేకుండా పరిచారు. వాటి మీద కొత్త మట్టి పొయ్యాలి. యేసేపు రైతును అడిగి పెట్టాడు. చేను గట్టున నల్లమట్టి, మెత్తగా, పిడికిట్లో ఉండలా నిలిచే మట్టి.

"నేను మోస్తాగదన్నా. నువ్వు ఈడే కూకో" అన్నాడు యేసేపు.

"నేను పోసిన నీళ్లకు నేనే మొయ్యాల."

"ఓయబ్బా! ఆ చేతులతోనా?"

"నెత్తితో మోస్తా. నెత్తికేమైంది?"

యేసేపు తవ్వి గంప నింపి నెత్తికెత్తితే, మారెప్ప చెయ్యి పట్టకుండానే మెడ నిలబెట్టి చేను నుంచి పెరటి దాకా అర మైలు నడిచి వచ్చాడు. వంగి తల విదిలిస్తే మట్టి రాళ్ల మీద పడేది. నాలుగో గంపకు కడుపులో మెలి పెట్టింది. ఆరో గంపకు గుండె గొంతులో కొట్టుకుంది. వాగు ఇసకలో కాసేపు బోర్లా పడుకుని, లేచి మళ్లీ పోయాడు. యేసేపు ఆయన్ను తిడుతూనే తానూ గంప మీద గంప మోశాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మడి జానెడు ఎత్తు లేచింది. యేసేపు తన ఇంటి నుంచి తెచ్చిన పుండి గింజల మూటను గోడ మీద పెట్టి, రైతు తిడతాడని పరుగున పోయాడు.

ఇక చుట్టూ గట్టు కట్టాలి. మారెప్ప మట్టి తడుపుతుండగా వెనక నుంచి ఈరమ్మ గొంతు వినిపించింది.

"ఏంది ఇది? నా పుండికూర యాడ పోయె?"

"మేక దూరింది మే" అన్నాడు మారెప్ప.

ఈరమ్మ మూలనున్న కుప్పను చూసింది. ఒక మొక్కను ఎత్తి, మట్టి దులిపి, వేళ్లను చూసింది.

"వేళ్లతో సహా పీకి, ఒక పక్క కుప్పేసి, బండలు పరిచి పోయిందా? మంచి మేకే. కసువు గూడా ఊడ్సి పోయింటే బాగుండు."

మారెప్పకు నవ్వు వచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఆ మొక్కను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది.

"పీకితే పీకినావులే. పార్వతికి నేనేమీ ఒండి పెట్టదల్సుకోల్యా. దేవక్కతో మాట్లాడి వస్తాండా. బిడ్డ ఆయక్క ఇంట్లోనే తింటాది, ఆడే పండుకుంటాది. నేను దగ్గరికి పోను."

"ఏమే? ఏమైంది?"

"నా చెయ్యి మంచిది కాదు." ఒళ్లోని మొక్కను చూపించింది ఈరమ్మ. "నేను నాటిన చెట్టు పచ్చగుండదు. నేను ముద్ద పెడితే బిడ్డ కడుపు నిలవదు. రెండు తూర్లు సూసినాం కదా. ఊర్లో అనుకుంటాండారు, నాకు వినపడదా? అనుకోనీ. నిజమే కదా."

ఈ మనిషిని కాపాడాలనే కదా మారెప్ప పది రోజులు నోరు మూసుకున్నాడు! తాను నోరు మూసుకున్న ప్రతి రోజూ ఆమె తన చేతులు చూసుకుని భయపడుతూ ఉందన్నమాట. ఇన్నేళ్లుగా కూడా.

"నీ చెయ్యి కాదు మే" అన్నాడు. "నా నీళ్లు."

చెప్పేశాడు. తీపి ఉప్పు సంగతి, డాక్టరు మాట, మట్టిలో దిగిన సీసం, ఆకు, కడుపు, అన్నీ. ఒక్కటీ దాచలేదు. చెప్తున్నంతసేపూ ఆమె ఆ నల్లటి వేళ్లనే చూస్తూ ఉంది.

"పది దినాల నుంచి నీకు తెల్సా?"

"తెల్సు."

"నాకు సెప్పకుండా మట్టి మోస్తాండావా?"

"నువ్వు తట్టుకోలేవని..."

"నేను తట్టుకోలేననా, నన్ను సూసి నువ్వు తట్టుకోలేవనా?"

"రెండూ" అన్నాడు మారెప్ప.

ఈరమ్మ పిడికిలితో ఆయన భుజం మీద ఒక్క దెబ్బ వేసింది. ఆ తర్వాత ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. కళ్లు తెరవని ఆ ఇద్దరు పిల్లల కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్లూ ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనుకున్న తల్లి మరి. మారెప్ప వాలిపోయిన చేతిని ఎట్లాగో ఎత్తి ఆమె వీపు మీద వేశాడు. ఆయన కూడా ఏడ్చాడు.

చాలాసేపటికి ఆమె ముక్కు చీది లేచింది. "లెయ్. గట్టు కట్టాల కదా. నేను కడతా, పక్కకు జరుగు."

"గట్టు నేను కడతా. గింజలు నువ్వెయ్యి."

ఈరమ్మ వెనక్కి జంకింది.

"ఎయ్యి మే. నీ చెయ్యే పడాల."

ఆమె మూట విప్పి గింజలు అరచేతిలో పోసుకుంది. వేలితో గీతలు గీసి, గింజలు రాల్చి, మట్టి కప్పింది. ఈ లోపల మారెప్ప మడి చుట్టూ తడిమట్టి పేర్చాడు. అరచెయ్యి నిలవదు కాబట్టి, మోకాళ్ల మీద పాక్కుంటూ ముంజేతులతో ఒత్తి గట్టును గట్టిపరిచాడు. నాలుగు పక్కలా తిరిగి వచ్చేసరికి చెమటతో తడిసి ముద్దయ్యాడు. గోడ నీడకు పోయి వీపు ఆనించి, కాళ్లు చాపుకున్నాడు.

ఈరమ్మ బిందెలోని తాగే నీళ్లే తెచ్చి చిలకరించింది. పోనీ, ఒక్క రోజు తాము తక్కువ తాగితే ఏం?

"మొలకలు నాలుగు దినాలకు వస్తాయి" అంటోంది. "అందాక పార్వతికి చింతపండు పులుసు పెడతాలే. అలుగుతాది. అలిగితే అలగనీ. నెల తిరిగేలోపు ఆకు కోస్తా. దేవక్కకు గూడా పోయి సెప్పాల, బిడ్డ నా దగ్గరే ఉంటాదని. ఏమప్పా, వింటాండావా?"

మారెప్ప కళ్లు సగం తెరిచే ఉన్నాయి. మడి వైపే చూస్తున్నాయి. మొహంలో నొప్పి లేదు. ఈరమ్మ చెంబు పక్కన పెట్టి వచ్చి, ఆయన పక్కన కూర్చుని, చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకు.

సాయంత్రం బస్సు దిగిన పార్వతి, ఇంటి ముందు జనాన్ని చూసి వీధి మొదట్లోనే కూలబడింది.

నెల తిరగకముందే పుండికూర మోకాలు దాటింది. ఈనెలే కాదు, ఆకంతా ముదురు పచ్చన. ఈరమ్మ కోసింది, కడిగింది, వండింది. రొట్టెలో పెట్టి కూతురి నోటి దాకా తెచ్చి ఒక్క క్షణం ఆగింది. పార్వతి తల్లి మణికట్టు పట్టుకుని ముద్దను తనే నోట్లో పెట్టించుకుంది.

"అమ్మా, తంతాండాడు" అని ఆ చేతినే కడుపు మీద ఆనించింది.

లోపల మళ్లీ తన్నే దాకా ఈరమ్మ ఆ చెయ్యి తియ్యలేదు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, మడికి నీళ్లు పెట్టడానికి బిందె ఎత్తుకుని పెరట్లోకి పోయింది. నీళ్లు మొక్కల మొదళ్లకే పడేటట్టు వంగి మెల్లగా పోసింది, ఎందుకంటే మడి చుట్టూ ఎండి గట్టిపడిన గట్టు మీద రెండు ముంజేతుల ముద్రలు, చర్మం మడతలతో సహా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉన్నాయి.