జయశీల పెట్టని సంతకం

సర్వే మనిషి చిట్కుల్ మలుపు దగ్గరికి ఆదివారం పొద్దున వచ్చాడు. ఆ సమయానికి జయశీల చర్చిలో ఉంది, ఆమె మెస్సు రేకుల తలుపుకు తాళం ఉంది. ఆయన ఒక ఫోటో తీసుకుని, 'మూతపడిన కొట్టు, పరిహారం అక్కర్లేదు' అని రాసుకుని పోయాడు. వారానికి ఆరు రోజులు నూటయాభై మంది ఫ్యాక్టరీ కార్మికులకు అన్నం పెట్టే కొట్టు, ఒక్క పూట దేవుణ్ణి తలుచుకున్న పాపానికి జాబితాలోంచి ఎగిరిపోయింది.

రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కొన్ని దేశాలు కలిసి పెట్టుకున్న ఓ అభివృద్ధి బ్యాంకు అప్పిస్తోంది. బతుకుతెరువు పోయేవాళ్లతో ముందు మాట్లాడాలని ఆ బ్యాంకు నియమం. అందుకని ఫంక్షన్ హాల్లో మీటింగ్ పెట్టారు. ఉత్త మాటలకు జనం రారని బిర్యానీ కూడా పెట్టారు.

ప్రాజెక్టు ఆఫీసరు జైపాల్, బ్యాంకు నుంచి వచ్చిన ప్రేమలత వేదిక మీద కూర్చున్నారు. జయశీల లేచింది.

"మేడం, పన్నెండేండ్ల సంది మలుపు కాడ మెస్సు నడిపిస్తున్న. ఆదివారం తాళం జూసి మూతపడ్డదని రాసుకపోయిండ్రు. జెర చెప్పుండ్రి, గీ పైసలు మీకు యాడికెల్లి వచ్చినయి?"

"అవన్నీ నీకెందుకమ్మా?" అన్నాడు జైపాల్.

"నా కొట్టు కూలగొట్టే పైసలు సారూ. వాటి ఊరూ పేరూ తెల్సుకోవద్దా?"

ప్రేమలత మైకు దగ్గరికి లాక్కుంది. "సభ్య దేశాలు మూలధనం పెడతాయండి. ఆ భరోసా మీద మేం బాండ్లు అమ్ముతాం. అవి కొన్నవాళ్ల డబ్బునే మీ ప్రభుత్వానికి అప్పుగా, విడతలవారీగా ఇస్తాం."

"అప్పు ఎవలు కడ్తరు?"

"ప్రభుత్వమే. ఇరవై ఐదేళ్లలో, వడ్డీతో."

"సర్కారుకు యాడికెల్లి వస్తయి?"

"పన్నుల నుంచి."

"అంటే నేను కొనే గ్యాసు బండ మీద, నూనె డబ్బా మీద. నా కొట్టు పడగొట్టే మిషనుకు డీజిలు నేనే పోయిస్తున్న అన్నట్టు. మంచిగున్నది మేడం యవ్వారం!"

హాలు గొల్లుమంది. జైపాల్ గబగబా భోజనాలు ప్రకటించాడు.

పొట్లాల పక్కన రిజిస్టరు పెట్టారు. సంతకానికో పొట్లం. ఇక్కడి కంపెనీలు మిఠాయి డబ్బా ఇచ్చినా సంతకం తీసుకుంటాయి, పైన ఏముందో ఎవరూ చదవరు. జయశీల చదివింది. 'కింద సంతకం చేసినవారు పనికి సమ్మతిస్తున్నారు.'

"ఏంది సారూ, ఇది బిర్యానీ లిస్టా, సమ్మతి లిస్టా?" గొంతు హాలు చివరిదాకా పోయింది.

పండ్ల బండి పుష్ప అప్పటికే పొట్లం విప్పేసింది. "జయక్కా, ఒక ముక్క తిన్న. ఇప్పుడెట్ల?"

"ముక్క పోతే పోనీ. పేరు కొట్టేయ్."

పుష్ప ఎడమచేత్తో పేరు కొట్టేసింది. ఒక్కొక్క పొట్లమే బల్ల మీదికి తిరిగొచ్చింది. ఆ వాసనకు తట్టుకుని వెనక్కి పెట్టడం మామూలు నిగ్రహం కాదు.

ప్రేమలత రిజిస్టరు చదివి మూసేసింది. "ఇది నా ఫైల్లో పెట్టలేను జైపాల్ గారూ. మళ్లీ సర్వే చేయించండి. అందాకా అప్పు రెండో విడత ఆగుతుంది."

జైపాల్ జయశీల వైపు తిరిగాడు. "చూసినవామ్మా? నీ ఒక్కదాని వల్ల కోట్ల పని ఆగుతుంది!"

"ఆగనియ్యి. రోడ్డు వద్దని ఎవలన్నరు? వేరే జాగల కొట్టు లేపి, గప్పుడు పాతది కూలగొట్టుండ్రి."

మంగళవారం మధ్యాహ్నం జైపాల్ సర్వే మనిషిని వెంటబెట్టుకుని మెస్సుకు వచ్చాడు. షిఫ్టు వదిలిన వేళ, వరస బయట రోడ్డుదాకా ఉంది.

"జల్దీ సంతకం పెట్టమ్మా, పోతాం."

"లైన్ల రా సారూ. వీళ్లకు అర్ధగంటే టైమున్నది."

ఇద్దరు వెల్డర్ల వెనక నిలబడ్డాడు. వంతు వచ్చాక పళ్లెంతో పాటు ఫారం కూడా చాచాడు. జయశీల చెయ్యి తుడుచుకుని రెండు వైపులా చదివింది. మెస్సు పేరుంది, తినేవాళ్ల సంఖ్య ఉంది. 'బదులు ఇచ్చే స్థలం' అన్నచోట ఏమీ లేదు.

ఫారం ఆయన జేబులోనే పెట్టి, పళ్లెంలో పప్పు పోసింది.

"జాగ రాసుకొని రా, పెడ్త. పక్కకు జరుగు సారూ, వెనుక మనుషులున్నరు."