సిలోన్ సీసా

ఆరోగ్య శాఖ ఉద్యోగి ఖాదర్ బాషా బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్ళు బావిలో వంచి, ఉన్న ఒక్క చేదనూ పైకి లాగి పక్కన పెట్టుకున్నాడు.

"గంటసేపు ఆగండమ్మా! సిలోన్‌లో అయితేనా..."

"మొదలుపెట్టినాడే సిలోన్ సాయిబు!" అని నవ్వుకుంటూ ఆడవాళ్ళు బిందెలెత్తుకుని ఇసుకలోని చెలమకేసి పోయారు. ఆ చెలమ నీళ్ళు తాగే, వాకాడు పక్కన జాలర్లుండే ఆ పట్టపుపాళెంలో వారంలో ముగ్గురు వాంతులూ భేదులతో పోయారు.

పందొమ్మిది వందల యాభై ఏడులో ఆ దేశాన్ని వరదలు ముంచినప్పుడు, ఖాదర్ బాషా సహాయ దళానికి తనంతట తానే పేరిచ్చి, జీతం బత్తెం లేకుండా మూడు నెలలు సిలోన్‌లో బావులు బాగుచేసి వచ్చాడు. అక్కడ భాష రాకపోయినా చెయ్యి చూపిస్తే జనం ఆగారు. తిరిగొచ్చింది మొదలు సొంత దేశం కంట్లో నలుసైపోయింది. ఛీ, ఏం మనుషులు! నాలుగేళ్ళుగా గొంతు చించుకుంటున్నా చెవికెక్కదే! ఆ కోపంలోనే భుజానికి వేలాడే సిలోన్ సీసా మూత తీసి, ఇంట్లో కాచి తెచ్చుకున్న నీళ్ళు రెండు గుక్కలు తాగాడు.

కామమ్మ రొప్పుతూ వచ్చింది. ఆమె మొగుడు చిన్నపోలయ్యకు తెల్లవారినప్పటి నుంచి వాంతులు.

"ఆస్పత్రికి బండి కడతా ఉండారు. నీ దర్గా నీళ్ళు రెండు చుక్కలు పొయ్యి సాయిబన్నా!"

"దర్గా నీళ్ళేంది?"

"మాకు తెలీదా? మా ఇళ్ళల్లో చుక్క ముట్టవు. ఇన్ని రోగాల్లో తిరిగినా నీకు తుమ్మన్నా రాదు. మంచియ్యి నువ్వు తాగి, మాకు కంపు మందు పోస్తివి."

"కాచిన నీళ్ళక్కా అయ్యి! నాలుగేళ్ళుగా కాయండని మొత్తుకునేది అందుకే!"

అరిచాక గుర్తొచ్చింది. సిలోన్‌లో ప్రతి బావి దగ్గరా, గంట కాగానే మొదటి గ్లాసు తనే తాగేవాడు. సొంత ఊళ్ళలో ఒక్కనాడూ తాగలేదు. సిగ్గుతో తల వాలిపోయింది. సీసా ఆమె చేతిలో పెట్టి వెంట నడిచాడు.

చిన్నపోలయ్య రెండు గుక్కలు మింగి, "తియ్యగా ఉండాయి," అన్నాడు. బండి ఊరు దాటకముందే పోయాడు.

గంట ఎప్పుడో దాటింది. ఖాదర్ బాషా బావికొచ్చి, నీళ్ళు చేది, అందరూ చూస్తుండగా దోసిలి పట్టి కడుపునిండా తాగాడు. అప్పుడు గానీ ఆడవాళ్ళు బిందెలు దించలేదు.

మరుసటి వారం అతను వచ్చేసరికి, మెడకు పసుపు తాడు కట్టించుకుని, నాలుగు కుంకుమ బొట్లు పెట్టించుకుని, బావి గట్టు మీద సిలోన్ సీసా నిలబడి ఉంది.