గులాబీ చేపల లెక్క

ఎరుపు ముప్ఫై ఆరు, గులాబీ నలభై ఎనిమిది, తెలుపు పదహారు. వంద చేపలున్న తొట్టిలో ఒక్కటంటే ఒక్క చేప అటూ ఇటూ కాలేదు! పెద్దకోడలికి ఒళ్ళు మండింది. చేపల పెంపకంలో ఇంతకాలంగా ఉంది, ఏ రంగువి ఎన్ని పుట్టాలో చెప్పే జన్యు సమీకరణానికి ఇంత బుద్ధిగా తలవంచిన చేపల్ని ఎక్కడా చూడలేదు. కాకిలెక్కే ఇది. ఈ కాగితం రాసిచ్చిన తోడికోడలు తొట్టి మొహమైనా చూసి ఉండదు.

ఈ ఉద్యోగం ఇప్పించింది తనే. యజమానికి చెబితే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తన పరువు పోతుంది.

"తొట్టి దగ్గరికి అసలు వెళ్ళావా?"

"వెళ్ళానక్కా," అంది చిన్నకోడలు తల ఎత్తకుండా. ఇంట్లో పాలు మాడిన రోజూ ఇవే నేలచూపులు మరి!

"నా చెవిలో పువ్వులు పెట్టకు. పద, నా ముందు లెక్కపెట్టు."

ఒక్కో చేపనూ వలతో పట్టి పక్క తొట్టిలో వేశారు. ఎరుపు యాభై, గులాబీ ఇరవై, తెలుపు ముప్ఫై.

"దొరికావా!" అనేసింది పెద్దకోడలు. అన్నాక, అలవాటు చొప్పున మనసులో లెక్క కట్టింది. చేపకు రెండేసి జన్యువులు, తల్లిదొకటి, తండ్రిదొకటి. ఎర్రచేపలో రెండూ ఎరుపువే, గులాబీలో ఒక్కటే. ఎర్రచేపలవి నూరూ గులాబీలవి ఇరవై కలిపితే, మొత్తం రెండువందల్లో నూటఇరవై. అంటే పాయింట్ ఆరు. తెలుపుకి మిగిలింది పాయింట్ నాలుగు. ఇక సమీకరణం ప్రకారం ఆరు వర్గం ముప్ఫై ఆరు, ఆరూ నాలుగుల లబ్ధానికి రెట్టింపు నలభై ఎనిమిది, నాలుగు వర్గం పదహారు. చిన్నకోడలు రాసినవి అవే. కానీ చేపల్ని చూడకుండా ఆ పాయింట్ ఆరు ఎలా వస్తుంది?

"లెక్కపెట్టే ఉన్నావు కదే! మరి ఇలా ఎందుకు రాశావు?"

"ఎన్నిసార్లు చూసినా గులాబీలు ఇరవయ్యేనక్కా. సమీకరణానికి కుదరకపోతే కళ్ళు పెట్టి చూడలేదన్నమాటేనని మీరే అన్నారుగా? నా కళ్ళదే తప్పనుకున్నాను."

పెద్దకోడలికి అప్పుడు గుర్తొచ్చింది. ఒక చెరువులో ఎరుపు ఎక్కువ, ఇంకోదాంట్లో తెలుపు ఎక్కువ. రెండు చెరువుల చేపల్నీ మొన్ననే ఈ తొట్టిలో కలిపి పోయించింది తనే. ఈ చెరువువీ ఆ చెరువువీ ఇంకా జతకట్టందే అన్ని గులాబీలు ఎక్కడినుంచి ఊడిపడతాయి? సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

"యజమానిగారికి ఏం చెబుతారక్కా?" అంది చిన్నకోడలు, కళ్ళు తుడుచుకుంటూ.

పెద్దకోడలు పాత అంకెలు కొట్టేసి యాభై, ఇరవై, ముప్ఫై అని రాసింది. కాగితం ఆమె చేతిలో పెట్టింది.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయని చెబుతాను. సంతకం నువ్వే పెట్టు."