ఈ ఇంట్లో ఒకరు

ఆ ఇంట్లో తిట్లు నేరుగా తగలవు, దేవుడి దాకా వెళ్లి తిరిగొచ్చి తగులుతాయి. ఆ ఇంటి ఇల్లాలు బట్టలు కుడుతుంది. పగలంతా గుండుసూదులు పళ్ల మధ్య పట్టుకుని కుట్టుమిషన్ ముందు కూర్చుంటుంది కాబట్టి కాబోలు, మనసులో ఉన్నదంతా సాయంత్రం కుటుంబ ప్రార్థనలో వెళ్లగక్కుతుంది. "ప్రభువా, ఈ ఇంట్లో ఒకరు తడి తువ్వాలు మంచం మీద పడేస్తున్నారు, వారి మనసు మార్చు తండ్రీ" అనగానే, బస్సు నడిపే భర్త మూసిన కళ్లు తెరవకుండానే గతుక్కుమంటాడు. దేవుడితో మాట్లాడుతున్న మనిషికి ఎదురు చెప్పేదెవరు? భలే కిటుకు కనిపెట్టింది మహాతల్లి!

పది రోజుల క్రితం ఆ కిటుకు బెడిసికొట్టింది. పదిహేనేళ్ల కూతురు తన గదిలో మోకరించి, లెక్కల పరీక్ష తప్పానని, మార్కుల కాగితం దాచానని, అమ్మకు చెప్పే ధైర్యం ఇమ్మని గొణుక్కుంటుంటే, తలుపు అవతల బట్టలు మడతపెడుతున్న ఆవిడ చెవిన పడింది. ఆ సాయంత్రమే, "ప్రభువా, ఈ ఇంట్లో ఒకరు మార్కుల కాగితం దాచారు" అని అందుకుంది. పిల్ల కళ్లు తెరిచి తల్లిని చూసింది. లేచి వెళ్లి కాగితం తెచ్చి ముందు పెట్టింది. అప్పటినుంచి ప్రార్థనలో నోరు మెదపడం మానేసింది. తన వంతు రాగానే పెదవులు బిగిస్తుంది. తండ్రి ఓ దగ్గు దగ్గి తన ప్రార్థన మొదలుపెడతాడు.

ఉగ్గుపాలతో ప్రార్థన నేర్పిన పిల్ల దేవుడికి దూరమైపోతోందన్న భయం ఆవిడ గుండెల్ని పిండేస్తోంది. ఈ సాయంత్రం అటో ఇటో తేల్చుకోవాలనుకుంది.

"నువ్వు ప్రార్థన చేసేదాకా ఎవరూ లేచేది లేదు."

పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

"నాకు రావట్లేదమ్మా."

"రాకపోవడమేంటే? మూడేళ్లప్పుడే గడగడా చేసేదానివి!"

"అప్పుడు ఆయనకి చెప్పుకునేదాన్ని. ఇప్పుడు మనసులో అనుకున్నా నువ్వు వింటున్నట్టే ఉంటుంది. ఆయనకి చెప్పిందల్లా నీ దగ్గరికి వచ్చేస్తుంటే, ఇంకెవరికి చెప్పుకోను?"

"చాల్లే, ముందు అన్నాలు తిందాం" అన్నాడు తండ్రి. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఒళ్లు మండి, అలవాటుగా కళ్లు మూసుకుని "ప్రభువా" అంది. అక్కడే ఆగిపోయింది. దేవుడి మీద అలిగిన పిల్ల కాదు ఇది. తనకు భయపడి ఆయన దగ్గరికి వెళ్లలేకపోతున్న పిల్ల. ఆ ముక్క తెలిసేసరికి ఆవిడకు సిగ్గేసింది.

కళ్లు తెరిచింది.

"నీ ప్రార్థన దొంగచాటుగా విని, దాంతోనే నిన్ను కొట్టాను. తప్పు చేశానమ్మా. ఇది నీతోనే చెబుతున్నా."

పిల్ల లేచి నిలబడింది.

"గదిలోకి వెళ్తాను. తలుపేసుకుంటాను."

"వేసుకో."

గడియ పడింది. వెళ్లి చెవి ఆనించాలని ఆవిడకు ప్రాణం కొట్టుకుపోయింది. చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది. భర్త పొయ్యి కట్టేసి వెనకాలే వచ్చాడు.

"ప్రార్థన చేసుకుంటోందంటావా?"

"తెలీదండీ" అంది ఏడుస్తూ. "అడగను కూడా."