వెనకటి తేదీ

ఫ్రిజ్ తలుపు ఎప్పటిలాగే సగం తెరుచుకుని వంటగట్టుకి కొట్టుకుంది. ఆమె ఒంటిని పక్కకి తిప్పి, చెయ్యి దూర్చి పాలగిన్నె తీసింది. మూడేళ్ల కిందట భర్త ఆ ఫ్రిజ్‌ని కొనేసి, తెచ్చేసి, వంటింట్లో పెట్టించేశాక, "నీకోసమే కొన్నా, నచ్చిందా?" అని అడిగాడు. తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదండీ అంటే అత్తగారు అందుకుంది. "సన్నగానే ఉన్నావుగా అమ్మాయ్, దూరిపోతావులే." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అప్పటినుంచి దూరుతూనే ఉంది.

ఆమె ఉద్యోగం నగర ట్రాఫిక్ విభాగంలో. కూడళ్లలో కెమెరాలు, రద్దీని బట్టి వాటంతటవే మారే సిగ్నళ్లు పెట్టడానికి ప్రభుత్వం నిధులిస్తుంది. షరతు ఒక్కటే: ముందు ఆ రోడ్డు వాడేవాళ్లని అడగాలి, వాళ్లకేం కావాలో రాయాలి, ఆ తర్వాతే పరికరం మాట. ఇన్నేళ్లూ ఆ ప్రణాళికలు రాసింది ఆమే. సంతకం మాత్రం పెద్దసారుది.

నిన్న ఆయన ఆమెని పిలిచి కూర్చోమన్నాడు. కూర్చోమనడం అదే మొదలు.

"కళ్లాసుపత్రి కూడలికి కెమెరాలు ఖాయం చేసేశామమ్మా. వాటికి సరిపడా అవసరాలు రాసెయ్. తేదీ రెండు నెలలు వెనక్కి వెయ్యి."

"ఎవర్నీ అడగలేదు కద సార్?"

"అడిగితే మాత్రం ఏం చెప్తారు? అన్నట్టు, ఈసారి 'తయారుచేసినవారు' అన్నచోట నీ సంతకమే. ఎన్నాళ్లని నీ కష్టం మేం తింటాం చెప్పు?"

ఇంటికొచ్చి చెబితే భర్త, "ఇన్నాళ్లకి నీ పేరు పడుతోంది, ఆ మొహమేంటి?" అన్నాడు.

"తనిఖీలో బయటపడితే పోయేది నా ఉద్యోగమండీ."

"ప్రతిదీ భూతద్దంలో చూస్తావు. కాస్త సర్దుకో."

సర్దుకోవడం ఆమెకి కొత్తేం కాదు. కానీ పోయిన వారం అత్తగారిని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, అదే కూడలిలో నడిరోడ్డు మీదుండగానే సిగ్నలు మారిపోయింది. ఎన్నడూ తన చెయ్యి పట్టుకోని అత్తగారు భయంతో తన మణికట్టు నొక్కేసింది. "వీళ్ల సిగ్నలు తగలెయ్యా! నాలాంటిదాన్ని ఒక్క మాట అడిగి పెట్టారా?" ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

పాలు పొంగుతున్నాయి. పొయ్యి ఆర్పి, డబ్బాలు సర్ది, గంట ముందే బయల్దేరింది.

ఆ కూడలిలోనే బస్సు దిగి, వాచీ చూసుకుంటూ నిలబడింది. దాటడానికిచ్చేది పద్దెనిమిది సెకన్లు. ముసలివాళ్లకి, చంటిపిల్లల తల్లులకి ముప్ఫై పైనే పడుతోంది. దాటినవాళ్లనల్లా ఆపి అడిగింది. కూరల సంచీతో ఒకామె నడుం మీద చెయ్యేసుకుని, "ఇన్నాళ్లకి అడిగే మనిషొచ్చిందమ్మా! పరుగెత్తకుండా దాటనిస్తే చాలు తల్లీ," అంది. నలభై మందిలో కెమెరా అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆఫీసులో 'అవసరాలు' అన్నచోట వాళ్లు చెప్పిందే రాసింది. కింద, కెమెరాలు ఎవరినీ అడక్కముందే ఖాయం చేశారని కూడా రాసింది. సంతకం పెట్టి, ఈ రోజు తేదీ వేసింది.

పెద్దసారు గది తలుపు ఓరగా వేసి ఉంది. ఆమె ఒళ్లు అలవాటుగా పక్కకి తిరగబోయింది. ఆగి, తలుపు బార్లా తోసి, తిన్నగా లోపలికి నడిచింది.