తగ్గని నీళ్లు

"బాత్‌రూములో మగ్గు నేను తియ్యలేదని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు భర్త.

"మరి కాళ్లొచ్చి వాకిట్లోకి నడిచిందా? నిన్నా అక్కడే, మొన్నా అక్కడే. అడుగంతా గ్రీజు," అంది ఆమె.

"ఆ మగ్గుతో నేను స్నానం చెయ్యను, నాకు వేరేది కొనండి," గదిలోంచి కూతురు అరిచింది.

"అవతల బండి ప్రాణం తీస్తుంటే మీకు మగ్గు గొడవా!" అంటూ అతను తాళాలు తీసుకుని విసురుగా వాకిట్లోకి వెళ్లాడు.

లారీ స్టార్టయింది, రోజూ అయినట్టే. నాలుగు సిలిండర్లలో ఒకటి కుంటుతున్నట్టు గడగడ వణికి, తెల్లటి పొగ కక్కింది. కిటికీ ఊచలు కూడా అదిరాయి. కాసేపటికి వేడెక్కి, తానేమీ ఎరగనట్టు సాఫీగా తిరగసాగింది. పాత బండి, కొని రెండు నెలలు కాలేదు. మెకానిక్ ఫిల్టరు మార్చాడు, డీజిల్ చిమ్మే నాజిల్స్ మార్చాడు, పంపు విప్పి బిగించాడు. ఆ కుంటుడు, మెకానిక్ మాటలో మిస్సింగ్, మాత్రం పోలేదు.

కొనమని బండిని చూపించింది ఆమె తమ్ముడు.

"ఆదివారం దాకా చూస్తా," లారీ కిటికీలోంచి అన్నాడు భర్త. "అప్పటికీ ఇలాగే ఏడిస్తే తీసుకెళ్లి మీ తమ్ముడి గుమ్మానికి అడ్డంగా పెట్టి, తాళాలు వాడి మొహాన కొట్టొస్తా. ఆ తర్వాత వాడు ఈ గడప తొక్కకూడదు, నువ్వు ఆ గడప తొక్కకూడదు."

అమ్మానాన్నా పోయాక పుట్టిల్లంటే ఆ తమ్ముడొక్కడే. భర్త అన్నంత పనీ చేస్తాడని ఆమెకు తెలుసు.

వసారాలో కుర్చీలో కూర్చున్న మామగారు గొంతు సవరించుకున్నాడు. "చెప్పమ్మా నీ మొగుడికి. బండి కొనేముందు ఇంట్లో ఒక డ్రైవరున్నాడని గుర్తుకు రావాల్సిందని."

"ఆ డ్రైవరుకి కళ్లు సరిగా కనిపిస్తే అప్పుడడిగేవాణ్నని చెప్పు!"

తనను అడక్కుండా బండి కొన్నాడని మామగారు ఆరోజు నుంచీ కొడుకుతో మాట్లాడడం మానేశాడు. కొడుకూ మానేశాడు. ఎవరేమన్నా ఆమె మీదుగానే. మద్దెలకైనా పాట అయ్యాక విశ్రాంతి ఉంటుంది.

మెకానిక్‌కి ఆమే ఫోన్ చేసింది. "అన్నా, మీ షెడ్డుకొచ్చేసరికి అది వేడెక్కి బుద్ధిమంతురాలైపోతుంది. పొద్దున్నే మా ఇంటికి రండి. మీరొచ్చేదాకా తాళం ఎవర్నీ ముట్టుకోనివ్వను."

శనివారం పొద్దున్నే వచ్చాడు. చల్లటి ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాడు. "మళ్లీ అడుగుతున్నా, రేడియేటర్లో నీళ్లేమైనా తగ్గుతున్నాయా?"

"చుక్క తగ్గదు," అన్నాడు భర్త. "రోజూ స్టార్ట్ చేసేముందు మూత తీసి చూస్తా. అంచుదాకా ఉంటాయి."

"తగ్గుంటే హెడ్ గాస్కెట్టే పోయి నీళ్లు ఇంజన్లోకి కారుతున్నాయనేవాణ్ని. తగ్గట్లేదంటే ఇక ఇంజన్ దించి చూడాల్సిందే."

"దించడమేం అక్కర్లేదు. రేపు బావమరిది గుమ్మంలో దించుతా."

ఆమె చూపు బంపరు కిందకి పోయింది. అక్కడ నేల తడిగా ఉంది. చక్రం పక్కన మగ్గు. అడుగున కాసిని నీళ్లు.

మగ్గు తీసుకుని వసారాలోకి నడిచింది.

"మామయ్యా, రోజూ ఎంత పోస్తున్నారు?"

ఆయన ఆమెను చూడలేదు, మగ్గును చూశాడు. "మొదట్లో ఒకటి. ఈమధ్య రెండు."

"చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు?"

"ఎందుకు తగ్గుతున్నాయో తెలుసా మీకు?"

"నలభై ఏళ్లు స్టీరింగు పట్టినవాణ్ని. మొదటి వారమే తెలిసింది. రాత్రంతా నీళ్లు సిలిండర్లోకి దిగుతాయి. పొద్దున అవి ఆవిరయ్యేదాకా కుంటుతుంది."

"తెలిసీ ఊరుకున్నారా?"

"ఇంజన్ చెడకూడదని నీళ్లు పోశాను. నోరు మాత్రం నాది, అడగనివాడికి విప్పను."

"మా తమ్ముణ్ని రోజూ తిడుతుంటే వింటూ కూర్చున్నారు."

"తిట్టింది నేను కాదుగా," అన్నాడాయన.

ఆమె వెనక్కి వచ్చి, మగ్గు మెకానిక్ చేతిలో పెట్టింది. "నీళ్లు తగ్గుతున్నాయి. రెండు మగ్గులు. రోజూ తెల్లారకముందే మామయ్య నింపుతున్నారు."

మెకానిక్ నాజిల్స్ విప్పి ఇంజన్ తిప్పించాడు. మూడో సిలిండర్లోంచి నీళ్లు చిమ్మి అతని చొక్కా తడిసింది. తుడుచుకుంటూ నవ్వాడు, కోపంగా.

"ఇన్నాళ్లూ నాచేత గడ్డి పీకించారు కదన్నా! గాస్కెట్ ఎవరి బండికైనా పోతుంది, బండి చూపించినవాడు లోపలికి దూరి చూస్తాడా? ఈ ముక్క ముందే చెప్పుంటే నాజిల్స్ జోలికే పోయేవాణ్ని కాదు."

భర్త టైరును ఒక్క తన్ను తన్నాడు. తమ్ముడి ఊసు మాత్రం ఎత్తలేదు.

రాత్రి నలుగురూ భోజనాలకు కూర్చున్నారు.

"మీ మామగారికి చెప్పు," కంచంలోకి చూస్తూ అన్నాడు భర్త. "ఇంకోసారి నా బండి మీద చెయ్యేస్తే మర్యాద దక్కదని."

"నీ మొగుడికి చెప్పమ్మా. ఆ నీళ్లే పొయ్యకపోతే ఈపాటికి ఇంజన్ వేడెక్కి పట్టేసి, బండిని తూకానికి అమ్ముకునేవాడని."

చెప్పాక ఇద్దరూ అలవాటుగా ఆమెకేసి చూశారు. కూతురు కూడా తినడం ఆపింది.

ఆమె ఎటూ తిరగలేదు. కూతురి కంచంలో కూర వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టింది.

"రేపు తమ్ముణ్ని భోజనానికి పిలిచాను," అంది మామూలు గొంతుతోనే. "బండికేమైందో వాడికి మీరిద్దరే చెప్పండి, నేను చెప్పను. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలి."