నాలుగో అంతస్తుకెళ్లిన టాక్సీ

దీపాలు పెట్టే వేళకి ఆ వీధిలో బళ్లన్నీ తాళ్లతో కట్టేసి ఉండేవి. ఇళ్లలో ఫ్యాన్లూ పొయ్యిలూ ఒక్కసారే మొదలయ్యేసరికి కరెంటు లైను నీరసించిపోతుంది కదా, అప్పుడు బ్యాటరీ బళ్లు తమలో మిగిలింది లైనుకి తిరిగిచ్చేవి. ఇచ్చేకొద్దీ తేలికయ్యేవి. పావు వంతైనా ఉంచుకోకపోతే చక్రాలు నేల విడిచేవి. ఓసారి మూలింటావిడ స్కూటరు పక్కవాళ్ల డాబా ఎక్కి కూర్చుంటే, "దించుకోండమ్మా, బట్టలారేసుకోవాలి" అన్నారంతే.

టాక్సీ అతను మహా జాగ్రత్త మనిషి. నాలుగు ముళ్లు వేస్తేగానీ ప్లగ్గు పెట్టడు. "దాన్నెవరెత్తుకుపోతారయ్యా?" అని అత్తగారు వేళాకోళం చేసేది.

అతని భార్యకి నెలలు నిండాయి. పోయినసారి ఇలాగే నొప్పులొచ్చిన వేళకి లిఫ్టు ఆగిపోతే, నాలుగంతస్తులు దిగుతూ మెట్లమీదే బిడ్డని పోగొట్టుకుంది. ఈసారి మెట్ల జోలికి పోవద్దని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది.

ఆ సాయంత్రం లైను సన్నగిల్లింది, లిఫ్టు ఆగింది, నొప్పులు మొదలయ్యాయి. అతను టాక్సీలో ఉన్నదంతా లైనుకిచ్చేశాడు. ఆ పావు వంతు కూడా. లిఫ్టు జానెడు కదిలి మళ్లీ మొరాయించింది. టాక్సీ మాత్రం తాడు లాగుతూ గాల్లో ఊగుతోంది.

"ఏవయ్యా, పిల్లని దింపేదెలా?" బాల్కనీలోంచి అత్తగారు అడిగింది.

అతను ముళ్లు విప్పి, తాడు కొస చేతికి చుట్టుకున్నాడు. "బండి పంపిస్తున్నా అత్తయ్యా. మెల్లగా ఎక్కించండి."

టాక్సీ ప్లగ్గు తీగని వెంటేసుకుని ఒక్కో కిటికీ దాటుతూ పైకెళ్లింది. మూడో అంతస్తు మాస్టారు పూలకుండీ పక్కకి జరిపి దారిచ్చాడు. తల్లీకూతుళ్లు వెనకసీట్లో కూర్చున్నారు. ఇద్దరెక్కినా బండి పిసరంత కూడా కిందికి జారలేదు.

"అది దిగాలంటే బరువెక్కాలి," అన్నాడతను వీధికి వినపడేలా. "కాస్త కరెంటు తిరిగివ్వండి."

టీవీలు ఆగాయి. సగం ఉడికిన కూరల మీద మూతలు పడ్డాయి. ఇస్త్రీ చేసే ఆయన పెట్టె పక్కన పెట్టాడు. వీధంతా చీకటైంది. తాళ్లకున్న బళ్లు కూడా తలా కాస్త లైనులో పోశాయి. కరెంటు తీగ వెంబడి పైకి పాకింది, టాక్సీ నిద్రపట్టిన పిల్లలా బరువెక్కుతూ దిగసాగింది.

రెండో అంతస్తు దగ్గర లోపల్నుంచి పసిగుడ్డు ఏడుపు వినిపించింది.

"ఆడపిల్లయ్యా," అంది అత్తగారు. "తల్లీ బాగానే ఉంది."

అతను తాడు వదలకుండానే భోరుమన్నాడు. చక్రాలు నేలకానాయి. అయినా ఏ ఇంట్లోనూ దీపం వెలగలేదు.

"ఆసుపత్రి దాకా సరిపడా నిండనివ్వు బాబూ," అన్నారెవరో చీకట్లోంచి. "మాకేం తొందర్లేదు."